సైజుల టీము

జోగారావు ఏదైనా చెబితే ఇంట్లోవాళ్ళు సగం తీసేసి వింటారు. పరిచయం ముదిరినవాళ్ళు ముప్పావు తీసేస్తారు. ఆ మిగిలిన పావులో కూడా ఓ ఏనుగో, గోదావరి వరదో, మారువేషంలో వచ్చిన కలెక్టరో తప్పకుండా ఉంటారు. ఆయన దాన్ని తప్పుగా అనుకోడు. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి మనిషెందుకు, గోడ మీద కాగితం అతికిస్తే సరిపోదా అంటాడు.

ఆయన కూతురు ఝాన్సీలక్ష్మి కార్ఖానా పేటలో పాత కార్ల షెడ్డు ఒకటి తీసుకుని ఆటల జట్లకు జెర్సీలు తయారుచేస్తోంది. ‘ఉరుకు’ అని పేరు పెట్టింది. అపార్ట్‌మెంటు కుర్రాళ్ళ క్రికెట్ జట్టు రావచ్చు, ఆఫీసు ఉద్యోగుల వాలీబాల్ జట్టు రావచ్చు. వాళ్ళకి కావలసిన రంగు, గుర్తు, పేరు, అంకె కంప్యూటర్లో గీస్తుంది. దాన్ని కాగితం మీద అచ్చువేసి, గుడ్డ మీద పరిచి, మంచమంత వెడల్పున్న ఇస్త్రీ యంత్రం కింద నొక్కుతుంది. మూత ఎత్తేసరికి కాగితం మీది రంగు గుడ్డలోకి దిగిపోయి ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా జోగారావుకి అది ఇంద్రజాలమే. కాగితం అంచు పట్టుకుని మెల్లగా లాగుతుంటే ఈసారైనా ఎక్కడో ఒక అంకె కాగితానికే అంటుకుని ఉండిపోతుందేమోనని మెడ చాచి చూస్తాడు. ఒక్కసారీ ఉండిపోలేదు.

షెడ్డులో ఆయన పని, కుట్టి వచ్చిన జెర్సీని తిరగేసి, వేలాడే దారపు కొసల్ని చిన్న కత్తెరతో తుంచడం. చేతులకి పని, నోటికి తీరిక. అంతకంటే మంచి ఉద్యోగం ఆయనకి ప్రభుత్వం కూడా ఇచ్చి ఉండేది కాదు.

ఆ గురువారం ఆయన నోరు మధ్యలో ఆగిపోయింది. ఝాన్సీ ఫోను పెట్టేసి, గోడ దగ్గరికి పరుగున వెళ్ళి, ఒక్కొక్క కొక్కేన్నీ తడిమి చూసి వెనక్కి తిరిగింది.

"నాన్నా, ఆడవాళ్ళ సైజు సెట్టు ఏదీ?"

సైజు సెట్టంటే కొలతల కోసం కుట్టిపెట్టుకున్న జెర్సీలు. ఎక్స్‌ఎస్ నుంచి ట్రిపుల్ ఎక్సెల్ దాకా సైజుకొకటి, మొత్తం ఏడు. జట్టువాళ్ళు వాటిని తొడుక్కుని చూసి, ఎవరికేది సరిపోతే ఆ సైజు చెబుతారు. కొక్కేనికి వేలాడుతున్నా దూరం నుంచే తెలియాలని ఝాన్సీ బూడిదరంగు గుడ్డ మీద, సరిగ్గా గుండెలకు అడ్డంగా, జానెడు ఎర్రక్షరాలతో సైజు అచ్చువేయించింది.

"ఇచ్చానుగా," అన్నాడు జోగారావు.

"ఎవరికి?"

"రామ్మోహనరావు గారికి. తెల్లచొక్కా, తెల్లబూట్లు. ప్లాట్ల వ్యాపారం. ఎవరో ఆడపిల్లల కబడ్డీ జట్టుకి జెర్సీలు ఇప్పిస్తానని వచ్చాడు కదమ్మా, చలికాలంలో. సైజులు చూసుకుని వారంలో తెస్తానన్నాడు."

"మనిషెవరో తెలియకుండా సెట్టు మొత్తం చేతిలో పెట్టేశావా?"

"తెలియకపోవడమేంటే? పెద్దమనిషి. మా చినమావయ్య చెడుగుడు సంగతి మొదట్నుంచి చివరిదాకా కదలకుండా విన్నాడు. నవ్వాల్సిన చోట నవ్వాడు."

ఝాన్సీ కుర్చీలో కూలబడింది. చలికాలం నుంచి ఆడవాళ్ళ జట్టేదీ రాక ఆ కొక్కేల వైపు తనూ చూడలేదు. ఫోను చేసింది ప్రిసిల్లా. మహిళల కబడ్డీ లీగులో ఆడే ఒక జట్టుకి దుస్తులూ సామానూ చూసేది ఆవిడే. ‘ఉరుకు’ పుట్టాక ఆట మీదే బతికే జట్టు ఒకటి తలుపు తట్టడం ఇదే మొదలు. ఆదివారం వచ్చి ఆడవాళ్ళ సైజు సెట్టు చూస్తానంది. సోమవారం వాళ్ళ అమ్మాయిలు శిక్షణ శిబిరానికి వెళ్ళిపోతారు. కొత్త సెట్టు కుడదామంటే ఆ రకం గుడ్డ షెడ్డులో జానెడు లేదు. సూరత్ లారీ బుధవారానికి గాని రాదు.

"మగవాళ్ళ సెట్టు చూపిస్తే?" అన్నాడు జోగారావు.

"నడుం దగ్గర నొక్కి, ఆడవాళ్ళకని వేరే కట్ వేశామని గొప్పగా చెప్పాను. అది చూడ్డానికే వస్తోంది."

జోగారావు కత్తెర బల్ల మీద పెట్టి, చొక్కా గుండీలు సరిచేసుకుని లేచాడు. "రేపు సాయంత్రానికి నీ సెట్టు నీ కొక్కేనికి ఉంటుంది. పోయిన పట్టపుటేనుగునే ముక్కుపొడుం వాసన పట్టి వెతికిపెట్టినవాణ్ణి నేను," అన్నాడు.

ఝాన్సీ ముప్పావు తీసేసింది. మిగిలిన పావునే నమ్ముకోక తప్పలేదు.

మర్నాడు ఆయన బోయిన్‌పల్లి వెళ్ళేసరికి రామ్మోహనరావు ఆఫీసు ఉండాల్సిన గదిలో ఓ చెప్పుల దుకాణం ఉంది. దుకాణదారు చెప్పులు చూపించాడు గాని ఆచూకీ చెప్పలేకపోయాడు. ఫోను చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని ఓ ఆడగొంతు మూడు భాషల్లో మర్యాదగా చెప్పింది. జోగారావు ఆవిడకి మూడుసార్లూ సరేనమ్మా అన్నాడు.

ఎండ మాడ్చేస్తోంది. ఏమీ తోచక కూరగాయల మార్కెట్ వైపు నడిచాడు. లారీల సందుల్లోంచి, నలిగిన కాబేజీ ఆకుల మీద కాలు జారకుండా పోతూ పోతూ ఓ టమాటాల కుప్ప దగ్గర నిలబడిపోయాడు. కుప్పకి నీడగా నాలుగు కర్రల మీద ప్లాస్టిక్ బ్యానరు కట్టి ఉంది. దాని మీద తెల్లచొక్కా, తెల్లబూట్ల రామ్మోహనరావు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ నమస్కారం పెడుతున్నాడు. ఆయనకి అటూ ఇటూ ఏడుగురు అమ్మాయిలు. ఒక్కొక్కరి గుండెల మీదా జానెడు ఎర్రక్షరాలు. ఎస్. ఎమ్. ఎల్. ఎక్సెల్...

"ఏందయ్యా, టమాటలు జూడకుండ మీదికి జూస్తున్నవ్?" అంది కుప్ప వెనక కూర్చున్నావిడ.

"ఆ పైనున్న అమ్మాయిలెవరమ్మా?"

"సైజుల టీము. ఎరుకలేదా? అల్వాల్ దాంక అందరికీ ఎరుకే." ఆవిడ తక్కెడతో బ్యానరు మధ్యలోకి చూపించింది. "గా డబుల్ ఎక్సెల్ నా బిడ్డనే. అనుపమ. నన్ను పుష్పమ్మంటరు. గా తెల్ల సారు జెర్సీలిచ్చిండు, ఫొటో దిగిండు, బిర్యానీ పెట్టిండు, మళ్ళ మొఖం సూపియ్యలే. బ్యానర్ మాత్రం మంచిది గొనుక్కొచ్చిండు. ఎండకు ఆగుతది."

తొడుక్కుని చూడమని ఇచ్చిన సెట్టుని ఆ పెద్దమనిషి తన కానుకగా పంచిపెట్టేశాడు. ఏడు సైజులు, కబడ్డీకి ఏడుగురు. లెక్క అంత బాగా కుదరడమే వాళ్ళ ఖర్మ. కొలతలకని కుట్టిన జెర్సీలు వేసుకుని ఓ జట్టు మూడు నెలలుగా పోటీలాడుతోంది. ఇలాంటిది ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కల్పించలేకపోయాడు. కాస్త అసూయ కూడా కలిగింది.

"సాయంత్రం ఎక్కడాడతారమ్మా?"

"అల్వాల్ గ్రౌండ్ల. నువ్వెవలు, పేపరోనివా?"

"అంతకంటే ఎక్కువే," అన్నాడు జోగారావు. ఊరికే నిలబడి అడిగి వెళ్ళిపోవడం మర్యాదకాదని కిలో టమాటాలు కొన్నాడు.

సాయంత్రం ఆయన గ్రౌండు చేరేసరికి మట్టి మీద సున్నపు గీతలు పడ్డాయి, అమ్మాయిలు సాధన మొదలుపెట్టారు. టమాటాల సంచీ పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు ఊళ్ళో ఆడిన చెడుగుడే అయినా, చూస్తున్నకొద్దీ ముందుకి వంగుతున్నాడు. చిత్రమేమిటంటే అందరిలోకీ సన్నంగా, జొన్నదంటులా ఉన్న పిల్ల ట్రిపుల్ ఎక్సెల్ వేసుకుంది. ఆ పిల్ల కూతకి వెళ్తుంటే జెర్సీ పడవ తెరచాపలా నిండుతోంది. దాని పేరు మేబెల్ అని కేకల్ని బట్టి తెలిసింది. మూలన కాళ్ళు పట్టడానికి కాచుకుని ఉన్న నిండు మనిషి అనుపమ అని పుష్పమ్మ పోలికే చెప్పింది.

కంచె అవతల ముగ్గురు నలుగురు కుర్రాళ్ళు చేరారు.

"ఏయ్ డబుల్ ఎక్సెల్! జెర జరుగు! కోర్టు సరిపోతలేదు!"

అనుపమ వినలేదు. అంటే, విననట్టు ఉంది. ఆ తేడా జోగారావుకి తెలుసు. ఆ పిల్ల చెయ్యి మాత్రం చటుక్కున జెర్సీ అంచు పట్టుకుని కిందికి లాగింది. వంగి లేచినప్పుడల్లా, చెయ్యెత్తినప్పుడల్లా అదే పని.

ఇంకో చిత్రం కూడా ఆయన కంటబడింది. ఏడుగురి వీపుల మీదా అంకెలున్నాయి. కుట్టినవి కావు, అచ్చువేసినవి కావు. ఆసుపత్రిలో దూది అతికించే తెల్లటేపుని ముక్కలుగా చించి అతికించుకున్నవి. చెమటకి కొసలు లేచిపోతున్నాయి. ఆట ఆపి ఒకరి వీపు ఒకరు తట్టి అతికించుకుంటున్నారు. రెండు రూపాయల రంగుపెన్నుతో రాసుకుంటే పోయేదానికి ఇంత తంటా ఏమిటి? ఆయనకి ఆ ప్రశ్న కాలి మీద చీమలా పాకింది.

ఆట ఆగాక నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి పరిచయం చేసుకున్నాడు. వచ్చిన పని నేరుగా చెప్పే అలవాటు ఆయనకి లేదు. చినమావయ్య చెడుగుడు సంగతి ఎత్తుకున్నాడు.

"మా చినమావయ్య కూతకి వెళ్ళాడంటే మనిషి కాదమ్మా, ఇంజనే. ఓసారి ఎదుటివాళ్ళు పట్టుకోబోతే తప్పించుకుని గీత దాటేశాడు, తప్పుడు గీత! ఇటు రావాల్సినవాడు అటు పోయాడు. ఊపిరి విడవకుండా చెడుగుడు చెడుగుడు అనుకుంటూ పొలాలు దాటాడు, పడవెక్కి గోదావరి దాటాడు, రాజమండ్రి చూశాడు, మళ్ళీ పడవెక్కి తిరిగొచ్చి మధ్యగీత తాకాడు. ఈలోగా రెఫరీకి పెళ్ళయి కొడుకు పుట్టాడు."

అమ్మాయిలు నవ్వారు. అనుపమ కూడా నవ్వింది గాని కనుబొమ ఒకటి పైకి లేచింది.

"ఊపిరి ఇడ్వకుంటె అన్నమెట్ల తిన్నడు తాతా?"

"తినలేదు. వెళ్ళినప్పుడు ట్రిపుల్ ఎక్సెల్, వచ్చేసరికి ఎక్స్‌ఎస్."

నవ్వులు ఇంకా ఆరకముందే ఆ పిల్ల అంది. "నువ్వు జెర్సీల కోసం వచ్చినవ్ గదా?"

జోగారావు నోట్లో తర్వాతి అబద్ధం అలాగే ఉండిపోయింది.

"మాకు సదువొస్తది తాతా. మెడకాడ గల్లా లోపట రాసుంది గదా, ‘సైజు చూసుకోవడానికి మాత్రమే’ అని. ఫొటో దిగిన దినమే సదివిన. ఎవరన్న అడగనీకి వస్తరని అప్పటిసంది జూస్తున్నం."

"ఫోను చెయ్యలేకపోయావా అమ్మా? గల్లాలో నంబరు కూడా ఉంటుంది."

"చేస్తె తీస్కపోతరు గదా," అంది అనుపమ. అందులో దాపరికం ఏమీ లేదు.

"మరి ఆ టేపు?"

"పెన్నుతోని రాస్తే పోతదా? మీది మీకు మంచిగ ఇయ్యాలె గదా."

అంటూనే ఆ పిల్ల మేబెల్‌ని వెనక్కి తిప్పి వీపు మీది టేపు ఒలిచింది. గోరుతో కొస లేపి, గుడ్డ సాగకుండా రెండో చేత్తో అదిమిపెట్టి మెల్లగా లాగింది. షెడ్డులో ఝాన్సీ కాగితం లాగినట్టే. లోపల వేరే బనీన్లున్నాయి కాబట్టి అందరూ అక్కడే జెర్సీలు విడిచారు. అనుపమ ఒక్కొక్కటీ దులిపి, చేతులు లోపలికి మడిచి, చిన్న సైజు నుంచి పెద్ద సైజు వరకు వరసగా పేర్చి ఓ గుడ్డసంచీలో సర్దింది. టేపు ముక్కలన్నీ కలిపి ఉండచుట్టింది.

"ఎల్లుండి ఫైనల్ ఉండె," అంది మేబెల్ నేలకేసి చూస్తూ. "అందరికీ ఒక్కతీరు జెర్సీ లేకుంటె ఆడనియ్యరు. పోయినేడు గట్లనే ఎల్లగొట్టిన్రు."

"నువ్వూకో మేబెల్. తాతది తాతకియ్యాలె."

జోగారావు జెర్సీల సంచీ తీసుకున్నాడు. గేటు దాకా నడిచాడు. ఏడు జెర్సీలు కలిపినా కిలో టమాటాల బరువు లేవు. ఆ సంచీ మోయలేక ఆగిపోయాడంటే వినేవాళ్ళు నూటికి తొంభై వంతులు తీసేస్తారు. అందుకే ఆ సంగతి ఆయన తర్వాత ఎవరికీ చెప్పలేదు. వెనక్కి వచ్చి సంచీ అనుపమ చేతిలో పెట్టాడు.

"ఆదివారం మా కంపెనీవాళ్ళే వచ్చి తీసుకుంటార్లే," అన్నాడు.

శనివారం పొద్దున షెడ్డులో ఝాన్సీ విన్నంతసేపూ విని, తల పట్టుకుంది.

"దొరికింది చేతిలోకొచ్చాక తిరిగిచ్చేసి వచ్చావా? టమాటాలు తెచ్చావా?"

"మంచి టమాటాలమ్మా."

"రేపు ప్రిసిల్లాకి టమాటాలు చూపించనా? నాన్నా, ఈ ఆర్డరు వస్తే ‘ఉరుకు’ పేరు బయటికొస్తుంది. రాకపోతే జీవితాంతం అపార్ట్‌మెంటు క్రికెట్టుకే కుడుతూ ఉండాలి." గొంతు ఒణికింది. పిల్లకి కోపం వస్తే అరుస్తుంది, ఒణికితే మాత్రం నిజంగా భయమని జోగారావుకి తెలుసు.

ఆయన బల్ల మీదున్న ఫోను అందుకుని ప్రిసిల్లాకి కలిపాడు. ఝాన్సీ లాక్కునేలోపు అవతల ఎత్తారు.

"నమస్కారమండీ, ఉరుకు నుంచి జోగారావు. రేపు మీరు షెడ్డుకి రావద్దండి. అల్వాల్ గ్రౌండుకి రండి. మా కంపెనీలో సైజు సెట్టు కొక్కేనికి చూపించే అలవాటు లేదు. ఏడు సైజులూ ఏడుగురు వేసుకుని ఆడుతుంటే చూపిస్తాం... మొదట్నుంచీ ఇదే పద్ధతండీ. కొక్కేనికి చెమట పట్టదు కదా. కొక్కెం కూతకి వెళ్ళదు కదా."

"ఇంట్రెస్టింగ్ అంకుల్," అంది ప్రిసిల్లా. "ఇన్నేండ్లల్ల ఎవరూ గిట్ల చూపించలే. ఎన్ని గంటలకు?"

ఫోను పెట్టి జోగారావు మీసం దువ్వుకున్నాడు. ఝాన్సీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇంత అబద్ధం ఎలా వస్తుంది నాన్నా, ఊపిరి తీసుకోకుండా?"

"చినమావయ్య పోలిక," అన్నాడాయన.

ఆదివారం గ్రౌండు చుట్టూ జనం. లుంగీలు మోకాళ్ళ దాకా ఎగగట్టిన ముసలాళ్ళు, గోడెక్కిన పిల్లలు, తమ జట్టు కోసం టమాటాల కుప్ప వదిలి వచ్చిన పుష్పమ్మ. ప్రిసిల్లా పొట్టిజుట్టు మనిషి, మోకాలికి పట్టీ, చేతిలో చిన్న అట్ట, పెన్ను. అందరూ ఆట చూస్తున్నారు. ఆవిడ మాత్రం చంకలు, మెడలు, అంచులు చూస్తోంది.

మొదటి సగం మేబెల్‌దే. ఆ ట్రిపుల్ ఎక్సెల్ తెరచాపని ఎదుటి ఆకుపచ్చ జట్టు పట్టుకోబోయినప్పుడల్లా చేతికి పిల్ల బదులు గుడ్డ వచ్చింది. గుడ్డ పట్టి ఆపకూడదు. రెఫరీ ఈల వేశాడు. మేబెల్ తాపీగా నడిచి వచ్చింది. జనం ఈలలే ఈలలు. "ఇది లెక్కల్ల లేదు," అని ప్రిసిల్లా గొణిగింది గాని ఆవిడ పెదవి కొస కూడా కదిలింది. జోగారావు పక్కవాడికి, తమ కంపెనీలో ట్రిపుల్ ఎక్సెల్ అసలు పనే అది అని చెప్పేశాడు.

రెండో సగంలో ఆట బిగిసింది. అనుపమ మూలన వంగి కూర్చుంటే బండలా కదలదు. కాలు దొరికితే గండుచీమలా వదలదు. కాని పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోవడానికి చెయ్యి ఎత్తిందంటే జెర్సీ మొత్తం పైకి లేస్తుంది. లోపలి బనీను కూడా దానితోబాటే. కంచె అవతల నుంచి కూత వినిపిస్తుంది, కబడ్డీ కూత కాదది. అనుపమ చెయ్యి అంచు దగ్గరికి పోతుంది.

జోగారావుకి పక్కన ఝాన్సీ ఊపిరి బరువుగా వినిపించింది. చూస్తే కూతురు ఆట చూడ్డం లేదు. ఆ చెయ్యే చూస్తోంది. లేస్తుంది, లాగుతుంది. లేస్తుంది, లాగుతుంది.

చివరి కూత. రెండు జట్లూ సమానం. ఆకుపచ్చ అమ్మాయి వచ్చింది. అనుపమకి రెండడుగుల దూరంలో కాలు చాచింది. ఆ కాలు అనుపమకి దొరికినట్టే, ఊరంతా చెప్పగలదు. చేతులు లేచాయి. జెర్సీ లేచింది. కుడిచెయ్యి అలవాటుగా ఒక్క రెప్పపాటు అంచు దగ్గరికి వెళ్ళింది. ఆ రెప్పపాటులో కాలు వెనక్కి పోయింది, వెళ్తూ వెళ్తూ అనుపమ భుజాన్ని తాకిపోయింది.

ఒక్క పాయింటు. ఈల. ఆకుపచ్చ జట్టు ఒకరి మీద ఒకరు పడి గంతులేశారు.

అనుపమ లేవలేదు. మట్టిలో కూర్చుని తన కుడిచేతిని అదెవరిదో అన్నట్టు చూసుకుంది.

కాసేపటికి ప్రిసిల్లా గీత దగ్గరికి వెళ్ళింది. ఆవిడకి అది పని. "హలో, డబుల్ ఎక్సెల్! ఇటు రా మా. చేతులెత్తు ఒకసారి."

ఆ పిల్ల వచ్చింది. ముఖం మీద చారలు, చెమటో మరొకటో. చేతులెత్తింది. జెర్సీ లేచింది. కంచె దగ్గర ఎవడో నవ్వాడు. ప్రిసిల్లా చంక దగ్గర గుడ్డ రెండు వేళ్ళతో పట్టి లాగి చూసి, అట్ట మీద ఏదో రాసుకుంది. జోగారావు కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు. ఈ పిల్ల ఓడిన చోటే, ఊరందరి ముందు, బట్టలకొట్టు బొమ్మలా చేతులెత్తి నిలబడింది. నిలబెట్టింది ఎవరు? శనివారం పొద్దున మీసం దువ్వుకున్న మనిషి.

"నా పేరు అనుపమ, మేడమ్," అంది ఆ పిల్ల, చేతులు దించకుండానే.

ప్రిసిల్లా పెన్ను ఆగింది. అట్ట చంకలో పెట్టుకుని, అనుపమ చేతులు తనే మెల్లగా దించింది. "సారీ అనుపమా. నేను ప్రిసిల్లా. మోకాలు పోయేదాంక నేను సుత లెఫ్ట్ కార్నరే ఆడిన. ఆఖరి రైడ్‌ల నీ చెయ్యి ఎటు పోయిందో చూసిన."

"అలవాటైంది, మేడమ్."

ఈలోగా ఝాన్సీ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. మెడలో వేలాడే కొలత టేపు తీసి చంక నుంచి నడుం దాకా కొలిచింది. భుజం నుంచి చంకకి కొలిచింది. మళ్ళీ కొలిచింది. "తప్పు నాది," అంది లేవకుండానే. "మగవాళ్ళ జెర్సీనే తీసుకుని నడుం దగ్గర నొక్కి ఆడవాళ్ళ కట్ అన్నాను. సైజు పెంచినప్పుడల్లా చంక కిందికి దిగిపోయింది. చంక కిందికి దిగితే, చెయ్యెత్తినప్పుడు చొక్కా పైకి రాక ఏమవుతుంది?"

"కొక్కెం మీద జూస్తే తెలుస్తుండె?" అంది ప్రిసిల్లా. జోగారావు వైపు తిరిగింది. "మీ కంపెనీ పద్ధతి మంచిది అంకుల్."

జోగారావు జీవితంలో ఆయన అబద్ధానికి దొరికిన మెప్పుల్లో అదే పెద్దది. ఇంకోరోజైతే దానికో ఏనుగునీ కలెక్టరునీ జతచేసేవాడు. అనుపమ చెయ్యి ఇంకా అంచు పట్టుకునే ఉంది.

"పద్ధతీ లేదు, పాడూ లేదండి," అన్నాడు. "సెట్టు నేను పోగొట్టాను. ఒకాయన అది వీళ్ళకి కానుకని చెప్పి ఇచ్చేశాడు. వీళ్ళ ఫైనలు ఆపలేక నిన్న ఆ మాట పుట్టించాను. మా అమ్మాయికి దాంతో సంబంధం లేదు."

అంతే చెప్పాడు. ఝాన్సీ తలెత్తి తండ్రిని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తీసెయ్యడానికి అందులో ఏమీ లేదు.

ప్రిసిల్లా నవ్వలేదు. మోకాలి పట్టీ సర్దుకుంది. "లేకుంటె ఇప్పుడు పెట్టుకోండి పద్ధతి. చంక సరిచేసి ఇంకో సెట్టు కుట్టండి. మా పిల్లలు క్యాంప్ నుంచి రాంగనే చూస్త. గిట్లనే, ఆడి చూపియ్యాలె. ఆర్డర్ సంగతి అప్పుడు." రెండడుగులు వేసి ఆగింది. "గా అక్షరాలు మాత్రం గుండెల మీద వద్దు, ఝాన్సీ గారూ."

జనం పల్చబడ్డారు. అమ్మాయిలు ఒకరి వీపు మీది టేపు ఒకరు ఒలుచుకుని, జెర్సీలు మడిచారు. అనుపమ సంచీ తెచ్చి జోగారావుకిచ్చింది.

"గా తెల్లబూట్ల సారు మళ్ళ వస్తడా తాతా?"

"రాడమ్మా."

"ఓడిపోయింది నా చెయ్యివల్లనే."

"కాదు. మా చంకవల్ల."

ఆ పిల్ల ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది. "గిది సుత చినమావయ్య కథనేనా?"

"కాదు," అన్నాడు జోగారావు.

సూరత్ లారీ బుధవారం వచ్చింది. గురువారం షెడ్డులో నిలబడ్డానికి చోటు లేదు. ఏడుగురు అమ్మాయిలూ వచ్చి యంత్రం చుట్టూ మూగారు. మూత ఎత్తి, ఝాన్సీ కాగితం అంచు పట్టి లాగుతుంటే అందరి మెడలూ ఒకేసారి చాచుకున్నాయి, వాటిలో జోగారావు మెడ ఒకటి. ఒప్పందం మాటల్లోనే అయిపోయింది. ‘ఉరుకు’ కొత్త కట్ ఏది వేసినా ముందు వీళ్ళు వేసుకుని వారం రోజులు ఆడతారు. ఎక్కడ పట్టిందో, ఎక్కడ లేచిందో మొహమాటం లేకుండా చెబుతారు. ఆ వారం తర్వాత ఆ జెర్సీలు వాళ్ళవే. సైజు అక్షరం గల్లా లోపలికి పోయి, గోరంత అయి కూర్చుంది. వీపు మీద అంకె, అంకె మీద పేరు. మేబెల్ మాత్రం తనకి ట్రిపుల్ ఎక్సెలే కావాలని పట్టుబట్టింది. ఎందుకో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగలేదు.

అనుపమ జెర్సీ జోగారావు దగ్గరికి వచ్చింది. తిరగేశాడు. చెయ్యి ఆడేలా చంకకింద కొత్తగా వేసిన పలకలాంటి గుడ్డముక్క చుట్టూ కుట్టు తడిమి చూశాడు. దారపు కొసలు ఒక్కొక్కటీ తుంచాడు. ఆ పని ముగిసేదాకా నోరు విప్పలేదని కుట్టు మిషన్ల దగ్గర వాళ్ళు ఆశ్చర్యపోయారు.

అనుపమ తొడుక్కుని వచ్చి షెడ్డు నడిమధ్య నిలబడింది.

"చేతులెత్తమ్మా," అంది ఝాన్సీ.

రెండు చేతులూ పైకెత్తింది. ఇంకా ఎత్తింది, మునివేళ్ళ మీద లేచి, పైన తిరుగుతున్న ఫ్యాను అందుకోబోతున్నట్టు. తర్వాత కుడిచెయ్యి తనంతట తానే కిందికి దిగి, అంచు కోసం నడుం దగ్గర వెతికింది. అంచు ఎక్కడుండాలో అక్కడే ఉంది. లాగడానికి ఏమీ లేక, ఆ చెయ్యి కాసేపు ఏం చెయ్యాలో తెలియనట్టు గాలిలో అలాగే ఉండిపోయింది.